ఊరి అమ్మమ్మ అనని మాట

మా తమ్ముడి మనవరాలు పోయిన ఆదివారం ఇపో పట్నం నుంచి ఫోన్ చేసింది. వరసకు నేను తనకు అమ్మమ్మను. మా వాళ్ళందరూ కలిసి ఇండియాలో పూర్వీకుల ఊరికి వెళ్తున్నారట. ఇక్కడ మలేషియా నుంచి ఇరవై ఇద్దరు, అక్కడివాళ్ళు వందకు పైనే. మూడు రోజులు అందరూ ఒకచోట ఉంటారట. అంతా చెప్పి చివరికి అసలు సంగతికి వచ్చింది.

"అమ్మమ్మా, నువ్వొస్తే చాలు. వీల్‌చైర్ బుక్ చేస్తాం. మనలో ఆ ఊరు చూసినదానివి నువ్వొక్కదానివే కదా."

"చూసినప్పుడు నాకు పదేళ్ళే," అన్నాను.

"అదే కావాలి. ఎలా ఉండింది, ఏం తిన్నారు, ఎవరెవరు ఉన్నారు. రెండు పేజీలు రాసివ్వు. తెలుగులోనే రాయి, నాకు చదవడం రాదు, డాడీ చదివి చెప్తారు."

నేను ముప్పై మూడేళ్ళు ఎస్టేట్ బడిలో లెక్కలు చెప్పాను. ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టుకునే అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. ఓడ ఎక్కిన పూట, రైలు దిగిన పూట, అన్నీ ఒక నోటుబుక్కులో ఉన్నాయి. ఒక్క రోజు పేజీ మాత్రం ఖాళీగా ఉంది. తేదీలు, పేర్లు ఇక్కడ రాయను. ఆ మనుషుల పిల్లలు, మనవలు బతికే ఉన్నారు. మిగిలింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రెండు పేజీల్లో సరిపోదు.

మేము ఉండేది బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి తోటలో. అక్కడ గాలి ఎటు నుంచి వీచినా కొబ్బరి ఎండబెట్టే పొగ వాసనే. బట్టలకు, జుట్టుకు, చివరికి మజ్జిగకు కూడా అదే వాసన. అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న తుపాకులవాళ్ళకు తిండి చేరకూడదని కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. బయటకు పోవడానికి ఒకటే గేటు. బియ్యం మనిషికింత అని కొలిచి ఇచ్చేవారు. ఇచ్చిన బియ్యం కంచె లోపలే ఉడకాలి, లోపలే తినాలి. కొట్లో పాలడబ్బా కొంటే కొట్టువాడు అక్కడికక్కడే మేకుతో రెండు కన్నాలు పొడిచి ఇచ్చేవాడు, అది దాచిపెట్టి అడవికి పంపడానికి పనికిరాకుండా.

పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళందరినీ గేటు దగ్గర తడిమి వదిలేవారు. ఆడవాళ్ళను తడమడానికి ఒక ఆడమనిషి ఉండేది. ఆమె ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. మొదట నడుము, తర్వాత కొంగు ముడి, ఆ తర్వాత జుట్టు ముడి. బడికి పోయే పిల్లలం కూడా ఆ వరసలోనే నిలబడేవాళ్ళం. ఒక రోజు మా ముందు నిలబడిన పక్కింటి అత్త బుట్ట అడుగున అరటాకు ముక్కలో చుట్టిన అన్నం ముద్ద నాకు కనబడింది. పనిలో ఆకలేస్తే తినడానికి పెట్టుకుని ఉంటుంది. తడిమే ఆమె చూడలేదు. నేను వేలు పెట్టి చూపించాను.

ఆ అత్తను ఎండలో నిలబెట్టారు. తడిమే ఆమె నాకు జేబులోంచి ఒక బిస్కట్ తీసి ఇచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ కొట్టింది. కానీ బిస్కట్ అప్పటికే తినేశాను.

తాత, అంటే మా నాన్నగారి తండ్రి, ఈ తోటకు పదిహేడేళ్ళ వయసులో వచ్చాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే ఆయన్ని పెంచింది వాళ్ళ అప్ప. మా వైపు అక్కను అప్ప అంటారు. ఆ అప్పకు చెప్పకుండా, చేపల బుట్ట దించి వస్తానని బయలుదేరి, కూలీలను ఓడ ఎక్కించే మేస్త్రీ వెంట వచ్చేశాడు. మూడేళ్ళలో తిరిగి వెళ్ళాలనుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళయింది.

మెర్డేకా, అంటే స్వతంత్రం, వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులవి. తెల్లదొరలు వెళ్ళిపోతారు, ఈ దేశంలో ఉండేవాళ్ళు ఉంటామని రాసివ్వాలి, లేనివాళ్ళు పోవాలి అని లయాల్లో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, రోజూ అదే మాట. తాతకు అప్పటికే రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. ఊళ్ళో ఆయన తమ్ముడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి అమ్మోరికి పండగ చేస్తున్నాం, మన మూలపురుషుడి సంతానం అంతా వస్తున్నారు, నువ్వు కూడా రావాలి అని.

"ఎల్తాను," అన్నాడు తాత. "మా అప్ప ఉండమంటే ఉండిపోతాను. ఎల్లమంటే ఎనక్కి వచ్చి ఈ మట్టిలోనే పోతాను. అప్ప నోటి మాట ఏటో అదే."

నాన్నకు సెలవు దొరకలేదు. చిన్నాన్న తోడు వచ్చాడు. తాత చెయ్యి పట్టుకుని నడిపించడానికి, ఎదురుగా ఉన్నది ఏమిటో చెప్పడానికి నన్ను తీసుకెళ్ళారు.

పినాంగు రేవు జార్జ్ టౌన్‌లో ఓడ ఎక్కే ముందు తాత వాళ్ళ అప్ప కోసం ఒక పాలడబ్బా కొన్నాడు. ఆ కొట్టువాడు కన్నం పొడవలేదు. ఓడ ఎక్కాక అది నా మనసులో మెదులుతూనే ఉంది. కన్నం లేని డబ్బా మా దగ్గరుంటే పోలీసులు పట్టుకుంటారనుకున్నాను. రెండో రోజు ఒక తెలుగు ముసలాయన దగ్గర మేకు అడిగి తీసుకుని నేనే రెండు కన్నాలు పొడిచాను. పొడిచాక ఊరుకుంటే పాడైపోతుంది కదా. నాలుగో రోజుకు డబ్బా ఖాళీ. తాతకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా అప్పకి ఆ డబ్బాలో నీ లెక్కలు పోసి ఇస్తానులే," అన్నాడు.

ఆరు పగళ్ళు ఓడ, రెండు రైళ్ళు, ఒక ఎడ్లబండి. బండి దిగేసరికి పొగాకు వాసన, ఎండుచేపల వాసన, తాటాకు కప్పుల వాసన. చిన్నతాత ఇంటి వాకిట్లో డెబ్బై మూడు మంది ఉన్నారు. పిల్లల్ని విడిగా లెక్కపెట్టాను, ఇరవై ఆరు. వాళ్ళు నన్ను చుట్టుముట్టి మాట్లాడమన్నారు. మాట్లాడితే నవ్వారు.

"ఒలే పినాంగు గుంటా, మళ్ళీ అనే ఆ మాట."

"నీది తెలుగేనేటే? అరవోళ్ళ ఇంట్లో పుట్టీసినావేటి?"

ఆ మూడు రోజులూ నేను నోరు తెరిస్తే నవ్వులే. మా బడిలో లెక్కల్లో మొదటిదాన్ని నేను. అక్కడ నాకు ఏమీ రాదు. రాగుల్ని అక్కడ చోళ్ళంటారు, ఆ అంబలి తాగడం రాదు, పేడ తట్ట ఎత్తడం రాదు. ఏ వాకిట్లోంచి ఏ వాకిట్లోకి పోవచ్చో, ఎక్కడ చెప్పులు విప్పాలో తెలియదు.

తాత వాళ్ళ అప్ప మొదటి రోజు రాలేదు. ఆమె ఇల్లు పొలాల అవతల చిన్న పల్లెలో. రెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. పొట్టిగా, ఎండిన కొమ్మలా ఉంది. ముక్కుకు నత్తు, నోట్లో చుట్ట. నిప్పు ఉన్న కొస లోపలికి పెట్టుకుని పొగ తాగుతోంది. నోరు కాలదా అని నేను తలెత్తి చూస్తూ ఉండిపోయాను. వరసకు నాకు అమ్మమ్మ అవుతుందని చెప్పారు. ఊరి అమ్మమ్మ అని పిలిచాను.

తాత లేచి నిలబడ్డాడు. ఆమె ఎక్కడుందో ఆయనకు కనబడలేదు. పక్కనున్న స్తంభం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అటు కాదురా, ఇటు," అంది ఆమె. "సేపల బుట్ట దించీసినావా?"

ఎవరూ నవ్వలేదు. తాత ఆమె కాళ్ళు వెతుక్కుని పట్టుకున్నాడు.

"అప్పా, నాను ఉండిపోనా? నువ్వు ఉండమంటే ఉండిపోతాను."

ఆమె చుట్ట తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"రేపు పంక్తిలో నీ పక్కన కూకుంతాను. బువ్వ తిన్నాక సెప్తాను," అంది.

ఆ రాత్రి భోజనాల్లో తాత రెండు మారులు అన్నం అడిగి వేయించుకున్నాడు. చిన్నాన్నతో, "పక్కన కూకుంతానన్నాదంటే మరి ఏటిరా అర్థం," అని మూడుసార్లు అడిగాడు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పండగ మూడు రోజులూ అమ్మోరి పొయ్యి మీద వండినది గడప దాటకూడదు. అక్కడే తినాలి, మిగిలితే అక్కడే గోతిలో పూడ్చాలి. అది నాకు వెంటనే అర్థమైంది. ఆ ఊళ్ళో అన్నిటికన్నా బాగా అర్థమైంది అదొక్కటే.

ఇంకొకటి కూడా చూశాను. అది ఇప్పుడు రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. రెండో రోజు ఊరి అమ్మమ్మ తిరిగి వెళ్ళేటప్పుడు, చిన్నతాత భార్య వెనక గుమ్మం దగ్గర ఆకులో అన్నం, పప్పు, రెండు మాంసం ముక్కలు పెట్టి, అటు తిరిగి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో మంట బాగానే ఉంది. వాకిట్లో ఉన్న నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే ఏదో పని వెతుక్కున్నారు. ఊరి అమ్మమ్మ ఆకు మడిచి నడుము దగ్గర చీర మడతలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె భర్త కాలూ చెయ్యీ పడిపోయి నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. అది నాకు అప్పుడు తెలియదు. కానీ అందరూ చూసీ చూడనట్టు ఉన్నారన్నది మాత్రం తెలుసు.

మూడో రోజు పంక్తులు వేస్తున్నారు. తాత స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, పక్కన ఒక పీట వేయించి, ఆ పీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి అమ్మమ్మ పొద్దున్నుంచీ అక్కడే ఉంది. పంక్తిలో కూర్చునే ముందు భర్తకు అన్నం ఇచ్చి వచ్చేద్దామనుకుందేమో, నడుము దగ్గర ఆకు పెట్టుకుని వెనక గుమ్మం వైపు నడిచింది. పిల్లలం గుమ్మం దగ్గరే ఉన్నాం. అప్పుడే ఒక పిల్లవాడు నా మాటను వెక్కిరించి చూపిస్తున్నాడు, మిగతావాళ్ళు విరగబడి నవ్వుతున్నారు.

నేను వెళ్ళి గడప మీద అడ్డంగా నిలబడ్డాను.

"అమ్మోరి బువ్వ బయటకి పోకూడదు," అన్నాను గట్టిగా. "అమ్మమ్మ అట్టుకెల్లిపోతంది. చేతులెత్తు."

పిల్లల నవ్వు ఆగింది. ఆమె నన్ను చూసి మెల్లగా రెండు చేతులూ పైకెత్తింది. ఎందుకెత్తిందో ఈనాటికీ తెలియదు. పిల్ల ఆడుకుంటోంది అనుకుందేమో. నేను మా గేటు దగ్గర ఆడమనిషి తడిమినట్టే తడిమాను. మొదట నడుము. ఆకు అక్కడే దొరికింది. దొరికాక ఆగవచ్చు. ఆగలేదు. కొంగు ముడి తడిమాను. జుట్టు ముడి తడిమాను. ఎముకలు తగిలాయి. ఆకు విడిపోయి అన్నం గడప మీద పడింది.

"తడుమమ్మా," అంది ఊరి అమ్మమ్మ. "బాగా తడుము. ఇంకేటీ లేదు."

చిన్నతాత భార్య పరుగెత్తుకొచ్చి నన్ను రెక్క పట్టి లాగింది. "ఓసి నీ అమ్మ కడుపు కాల," అంది. "నీకు కళ్ళున్నాయి గానీ సిగ్గు లేదేటే?" అప్పటికే డెబ్బై మందీ చూశారు. ఇక ఎవరూ చూడనట్టు ఉండడానికి లేదు. ఒక పెద్దాయన, అమ్మోరి కూడు గడప మీద పడింది, దీనికేం చెయ్యాలి అని అడగడం మొదలుపెట్టాడు. ఊరి అమ్మమ్మ వంగి గింజ గింజా ఏరి, ఆ ఆకులోనే పెట్టి, గడపకు లోపలి వైపు జరిపి, ఖాళీ చేతులతో పొలాల మీదుగా వెళ్ళిపోయింది.

"ఏటయినాది?" అని తాత అడుగుతూనే ఉన్నాడు. "ఎవులు పడిపోనారు? అప్పా, రా, బువ్వ సల్లారిపోతంది." ఆయన చెయ్యి ఆ పీట మీదే ఉంది.

ఎమర్జెన్సీ నాకు అలా నేర్పింది అని రాస్తే చదివేవాళ్ళు నన్ను క్షమిస్తారు. అది నిజం కాదు. అక్కడ కంచె లేదని నాకు తెలుసు. గేటు ఆడమనిషి అక్కడ లేదని, అది మా తోట కాదని తెలుసు. అందరూ కావాలనే చూడడం లేదని కూడా తెలుసు. నవ్వేవాళ్ళ ముందు ఒక్క విషయంలోనైనా నెగ్గాలని చేశాను.

సాయంత్రం తాతకు చిన్నాన్న అంతా చెప్పాడు. తాత నన్ను కొట్టలేదు. దగ్గరకు పిలిచి మూత ఉన్న ఇత్తడి గిన్నె చేతిలో పెట్టాడు. అమ్మోరి పొయ్యిది కాదు, పక్కింట్లో వండించిన అన్నం, కూర.

"సేసిన నోటితోనే అడగాల," అన్నాడు. "ఎల్లు. అమ్మమ్మా తప్పయిపోనాది అను. ఈ బువ్వ ఇయ్యి. మా తాత ఉండాలా, ఎల్లిపోవాలా అని అడుగు. ఏటన్నాదో ఆ మాట మాటగా వచ్చి సెప్పు. నువ్వు లెక్క తప్పవు కదా."

పొలం గట్ల మీద ఆ పల్లెకు ఎనిమిది వందల పదహారు అడుగులు. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద ఒక ముసలాయన నోరు సగం తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఊరి అమ్మమ్మ గంజి వేలితో ముంచి ఆయన పెదాల మీద రాస్తోంది. నన్ను చూడలేదు. తాటాకుల మోపు వెనక నిలబడి వంద లెక్కపెట్టాను. మళ్ళీ ఇంకొక వంద. తర్వాత వెనక్కి తిరిగాను.

దారిలో ఒక మడుగు ఉంది. గిన్నె నిండుగా తీసుకెళ్తే నేను వెళ్ళలేదని తెలిసిపోతుంది. అన్నం మడుగులో పోశాను. కూర పోశాను. నీళ్ళతో కడిగాను. మా తోటలో గింజ గింజకు కొలత ఉన్న రోజుల్లో, గంజి వేలితో ముంచి ఇస్తున్న ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో.

తాత వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, "ఏటన్నాది?" అన్నాడు.

"ఎల్లిపోమన్నాది," అన్నాను.

ఆయన ముఖం ఏమీ మారలేదు. గిన్నె తీసుకుని లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాడు. "బువ్వ తీసుకున్నాది కదా," అన్నాడు. "అది సాలు."

ఆమె ముందు నిలబడడానికి భయం వేసి ఆ మాట అన్నానా, మా ఇంటికి వెళ్ళిపోవాలని అన్నానా, ఇది ఎంత అది ఎంత అని పంచడం నాకు చేతకాలేదు. తర్వాతి రెండు రోజులు తాత ఇంట్లోంచి బయటకు రాలేదు. ఊరి అమ్మమ్మ ఆ గడప తొక్కలేదు. మూడో రోజు బండి ఎక్కాం.

ఆరు నెలలకు చిన్నతాత నుంచి ఉత్తరం వచ్చింది. తాతకు ఉత్తరాలు చదివిపెట్టేది నేనే. వర్షాల సంగతి, ఆవు ఈనిన సంగతి చదివాను. తర్వాత మూడు వరసలు ఉన్నాయి. మంచం మీదున్న బావ పోయాడు. అప్ప ఎవరితోనూ మాట్లాడడం లేదు. తమ్ముడు మొదటిసారి చెప్పకుండా పోయాడు, రెండోసారి కూడా చెప్పకుండానే పోయాడు, నేను ఏం పాపం చేశాను అని ఒక్కసారి మాత్రం అంది. ఆ మూడు వరసలూ వదిలేసి, ఇంతే సంగతులు అని చదివాను.

"అప్ప గురించి ఏటీ రాయలేదా?"

"లేదు తాతా."

మెర్డేకా వచ్చింది. తర్వాత కొన్ని నెలలకు, ఈ దేశంలోనే ఉండిపోయేవాళ్ళ కాగితాలు రాయించుకోవడానికి తోట ఆఫీసుకు రమ్మన్నారు. తాతను నడిపించుకుని నేనే వెళ్ళాను. గుమాస్తా తమిళాయన, మర్యాదస్తుడు. తాతను పెరియవరే, అంటే పెద్దాయనా, అని పిలుస్తూ ఒక్కొక్కటే అడిగి రాసుకుంటున్నాడు.

"పెరియవరే, ఊళ్ళో మీకు సొంతవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మళ్ళీ అక్కడికి వెళ్ళే ఆలోచన ఉందా?"

తాత నా వైపు తిరిగాడు. "ఇది ఎల్లి అడిగి వచ్చినాది," అన్నాడు ఆయనతో. "సెప్పమ్మా. మా అప్ప ఏటన్నాదో నువ్వే సెప్పు."

గుమాస్తా కలం ఎత్తి నా నోటి వైపు చూస్తున్నాడు. తాత తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. ఇంకోలా చెబుతానేమో అన్నట్టు వింటున్నాడు. పదకొండేళ్ళు దాటాయి నాకు. ఆ మాట తిప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు మళ్ళీ రాదు.

"ఎల్లిపోమన్నాది," అన్నాను.

"అయితే ఎవులూ లేరని రాసీండి," అన్నాడు తాత. వేలిముద్ర వేశాడు.

బయట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగురుతోంది. తాత నా భుజం మీద చెయ్యి వేసి ఆగాడు. ఆయనకు రంగులు మసకగా కదలడమే తెలుస్తుంది.

"ఎలగుంది?" అన్నాడు.

"గీతలున్నాయి తాతా. ఎర్రవి ఆరు, తెల్లవి అయిదు."

"బాగా సూసినావా?"

"రెండుసార్లు లెక్కపెట్టాను."

"నువ్వు సెప్పినావంటే నిజమే," అన్నాడు.

ఆ తర్వాత ఆయన పద్నాలుగు నెలలు బతికాడు. నాలుగు వందల ఇరవై ఆరు రోజులు. ప్రతి రోజూ ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.